మంచు కరిగాక ఆ నలుపు ఎక్కడికి పోతుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నగరాల్లో రోడ్డు పక్క మంచు వారానికే ఎందుకు నల్లబడుతుంది, కరిగాక ఆ నలుపు ఏమవుతుంది అని అడిగారు. నలుపు చాలావరకు మసి, మట్టి. నాకు బెంగ దాని వెనక దాక్కున్న లోహాల గురించి.

బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్ కాస్త అరుగుతుంది. ఆ పొడిలో రాగి, యాంటిమొనీ ఉంటాయి. టైరు రబ్బరులో జింకు ఉంటుంది, అదీ అరిగి రాలుతుంది. ఫ్యాక్టరీల పొగ సరేసరి. వాన అయితే వీటిని ఎప్పటికప్పుడు కడిగేస్తుంది. మంచు మాత్రం నెలల తరబడి పొరలు పొరలుగా దాచిపెడుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు చలికాలం చివర్లో పైనుంచి నేలదాకా నిలువునా మంచు తవ్వి తీస్తారు, అదీ ప్లాస్టిక్ పారతో. పార లోహమే అందులో కలిస్తే ఇంకేం కొలుస్తారు! దాన్ని కరిగించి, వడకట్టి, నీళ్లలో ఎంత లోహం ఉందో, మడ్డిలో ఎంత ఉందో వేర్వేరుగా చూస్తారు.

ఎందుకంటే ఆ రెండూ ఒకసారే పోవు. నీళ్లలో కరిగినవి మొదటి కరుగునీటితోనే జారుకుంటాయి, కుప్ప ఇంకా నిండుగా కనిపిస్తుండగానే. రేణువులను అంటుకున్నవి అంత తేలిగ్గా కదలవు. కుప్ప చిక్కేకొద్దీ నల్లటి పెచ్చుగా మిగిలి, చాలావరకు అక్కడి మట్టిలో చేరతాయి. సీసం ఎక్కువగా ఈ రకమే. మధ్యలో రోడ్లమీద చల్లే ఉప్పొకటి! అందులోని క్లోరైడ్ కాడ్మియం లాంటి విష లోహాలను రేణువుల నుంచి ఊడదీసి నీళ్లలోకి లాగుతుంది. మన బళ్లు జారకుండా చల్లింది కాలవలో చేపల ప్రాణం మీదికొస్తుంది.

సీసం కథ కొంచెం చెప్పాలి. పెట్రోలులో సీసం కలిపితే ఇంజను కొట్టుకోవడం (లోపల ఇంధనం సరిగ్గా మండక టకటక శబ్దం రావడం) తగ్గుతుందని 1921లో కనుక్కున్నారు. 1960లలో క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్లు గ్రీన్‌లాండ్ మంచు పొరలు పరీక్షిస్తే, కార్లే లేని ఆ చోట కూడా సీసం పెరుగుతూ వచ్చిందని తేలింది. పెట్రోలులో తగ్గించాక అక్కడి కొత్త మంచులోనూ తగ్గింది. ప్రపంచంలో ఆఖరి దేశం కూడా కార్లకు సీసం పెట్రోలు మానేసింది 2021లో. అయినా లోహం కుళ్లిపోయేది కాదుగా. పాత సీసం నగరాల మట్టిలో ఉంది. గాలికి లేచిన ఆ దుమ్ము ఇప్పటికీ మంచు మీద పడుతూనే ఉంటుంది.

చిన్నది అడిగింది, తెల్లగా ఉన్న మంచు నోట్లో వేసుకోవచ్చా అని. రోడ్డు పక్కదైతే వద్దమ్మా, మల్లెపువ్వులా ఉన్నా సరే. అంత కొద్దిపాటి లోహం నీళ్లలో కరిగితే రంగు తెలియదు.

మీ తాతయ్య