అధికారం దక్కినా పట్టు చిక్కలేదు: కెనడా కన్జర్వేటివ్‌ల అసహనం వెనుక కథ

2025 అక్టోబరు 31న కెనడా సుప్రీంకోర్టు ధర్మాసనం అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపుగా చీలి ఒక తీర్పు ఇచ్చింది. పిల్లల అశ్లీల చిత్రాలను దగ్గర ఉంచుకున్నవారికి కనీసం ఏడాది జైలు శిక్ష తప్పనిసరి అన్న చట్ట నిబంధన చెల్లదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. తమ ముందున్న ఇద్దరు దోషుల నేరం చిన్నదని వారు అనలేదు. స్నేహితుడు పంపిన అతని పదిహేడేళ్ల ప్రియురాలి చిత్రాన్ని కొద్దిసేపు ఫోనులో ఉంచుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కూడా ఇదే నిబంధన కింద ఏడాది జైలుకు వెళ్లవలసి వస్తుందని, అది మితిమీరిన శిక్ష అని వారి వాదన. కోర్టులో లేని, కేవలం ఊహలో ఉన్న ఒక ముద్దాయి కోసం పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టివేస్తారా అని కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు పియెర్ పొలియేవ్ర్, అల్బర్టా, ఒంటారియో ప్రీమియర్లు (ప్రీమియర్ అంటే అక్కడి ప్రావిన్సుకు ముఖ్యమంత్రి) తీవ్రంగా మండిపడ్డారు. ఆ ఆగ్రహం ఆనాటి తీర్పుతో పుట్టింది కాదు. దాని మూలాలు నాలుగున్నర దశాబ్దాల వెనుక, ఒట్టావాలో ఒక వంటగదిలో జరిగిన బేరసారాలలో ఉన్నాయి.

1980 ఫిబ్రవరి ఎన్నికలలో పియెర్ ట్రూడో నాయకత్వంలోని లిబరల్ పార్టీ పూర్తి మెజారిటీతో గెలిచింది కానీ, ఒంటారియోకు పశ్చిమాన ఉన్న నాలుగు ప్రావిన్సులలో దానికి దక్కినవి రెండే స్థానాలు, అవి రెండూ మానిటోబాలోనివే. అల్బర్టా, సస్కాచెవాన్, బ్రిటిష్ కొలంబియా ఒక్క సభ్యుణ్ణి కూడా పంపని ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో జాతీయ ఇంధన విధానాన్ని ప్రకటించి, అల్బర్టా చమురుకు అంతర్జాతీయ ధర కన్నా తక్కువ ధర కట్టి, ఆదాయంలో కేంద్రం వాటాను పెంచింది. భూగర్భ వనరులు ప్రావిన్సుల సొత్తని 1867 నాటి రాజ్యాంగమే చెబుతుండగా ఇది తమ జేబులో చేయి పెట్టడమేనని అల్బర్టా ప్రీమియర్ పీటర్ లోహీడ్ ప్రతిఘటించి, చమురు ఉత్పత్తిని దశలవారీగా తగ్గించారు. సరిగ్గా ఆ సమయంలోనే ట్రూడో రాజ్యాంగాన్ని బ్రిటన్ పార్లమెంటు చేతి నుంచి కెనడాకు తెచ్చుకుని, దానికి హక్కులు, స్వేచ్ఛల చార్టర్‌ను జోడించే పని తలపెట్టారు. చార్టర్ అంటే ప్రాథమిక హక్కుల పత్రం, దానికి విరుద్ధమైన చట్టాలను కోర్టులు కొట్టివేయవచ్చు. పది ప్రావిన్సులలో ఎనిమిది ఎదురు తిరిగాయి. మద్దతు ఇచ్చిన ఒంటారియో, న్యూ బ్రన్‌స్విక్ రెండింటినీ అప్పుడు ఏలుతున్నది కన్జర్వేటివ్‌లే కావడం గమనించదగ్గది. ఈ చరిత్రను పార్టీల జెండాలతో మాత్రమే చదవబోతే తరచూ తప్పుదారి పడతాము.

1981 నవంబరు 4 రాత్రి ఒట్టావా సమావేశ భవనంలోని వంటగదిలో కేంద్ర న్యాయమంత్రి జాన్ క్రెట్యెన్, సస్కాచెవాన్, ఒంటారియో అటార్నీ జనరళ్లు ఒక రాజీ సూత్రాన్ని గీశారు. చట్టసభలు చేసే చట్టాలపై చివరి మాట న్యాయమూర్తులదే కావడం ప్రజాస్వామ్యానికి తగదని మానిటోబా కన్జర్వేటివ్ ప్రీమియర్ స్టెర్లింగ్ లయన్, సస్కాచెవాన్ వామపక్ష ప్రీమియర్ అలన్ బ్లేకెనీ మొదటినుంచీ పట్టుబట్టారు. వారి భయాన్ని తీర్చేందుకు చేర్చినదే 33వ నిబంధన. మన చట్టాల తెలుగు అనువాదాలలో కనిపించే ‘ఏమి ఉన్నప్పటికిని’ అన్న మాట వంటిదే అది: చార్టర్‌లోని కొన్ని నిర్దిష్ట హక్కులలో ఏమి ఉన్నప్పటికీ ఈ చట్టం అమలవుతుందని చట్టసభ ప్రకటించవచ్చు, ఆ ప్రకటన అయిదేళ్లకు కాలం చెల్లుతుంది, కావాలంటే మళ్లీ చేసుకోవచ్చు. ఓటు హక్కుకూ, చట్టసభల గడువుకూ అది వర్తించదు. ఆ రాత్రి జరిగినది తెల్లవారిన తరువాతే తెలిసిన క్యుబెక్ ప్రీమియర్ సంతకం చేయలేదు, క్యుబెక్ ఇప్పటికీ ఆ పత్రాన్ని ఆమోదించలేదు. 1982 ఏప్రిల్ 17న ఎలిజబెత్ రాణి సంతకంతో చార్టర్ అమలులోకి వచ్చింది. నిజానికి కెనడా తొలి హక్కుల చట్టాన్ని 1960లో తెచ్చినది జాన్ డీఫెన్‌బేకర్ అనే కన్జర్వేటివ్ ప్రధానే. అయితే అది సాధారణ చట్టం, దానికి రాజ్యాంగ బలం లేదు. సంప్రదాయవాదులకు హక్కులతో పేచీ లేదు, వాటి అర్థాన్ని ఎవరు తేల్చాలన్న దగ్గరే పేచీ అని అనడానికి ఇదే ఆధారం.

తరువాతి రెండు దశాబ్దాలలో ఆ పేచీ పదునెక్కింది. 1988 జనవరిలో మోర్గెన్‌టేలర్ కేసులో సుప్రీంకోర్టు గర్భస్రావంపై ఉన్న నేర నిబంధనను కొట్టివేసింది. దాని స్థానంలో బ్రయన్ మల్‌రోనీ కన్జర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన బిల్లుకు 1991లో ఎగువసభ అయిన సెనేటులో ఓట్లు సమానంగా పడడంతో అది వీగిపోయింది. ఆనాటి నుంచి ఆ విషయంలో కెనడాలో నేర చట్టమే లేదు. 1998లో వ్రెండ్ కేసులో, స్వలింగ సంపర్కులపై వివక్షను నిషేధించే మాటలను తన చట్టంలో చేర్చరాదని అల్బర్టా శాసనసభ కావాలనే నిర్ణయించుకున్నా, ఆ మాటలు చట్టంలో ఉన్నట్టే చదవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రీమియర్ రాల్ఫ్ క్లైన్‌పై 33వ నిబంధనను వాడాలన్న ఒత్తిడి వెల్లువెత్తినా ఆయన వాడలేదు. తలుపు ఉంది, తాళంచెవి చేతిలోనే ఉంది, తెరిచే ధైర్యం మాత్రం నాయకులకు లేదన్న నిష్ఠూరం అల్బర్టా సంప్రదాయవాదులలో అప్పుడే స్థిరపడింది. ప్రభుత్వ నిధులతోనే ప్రభుత్వ చట్టాలపై కేసులు వేయించే ‘కోర్ట్ చాలెంజెస్’ పథకం వారికి మరింత కంటగింపు. మల్‌రోనీ ప్రభుత్వం 1992లో దాన్ని రద్దు చేస్తే లిబరల్‌లు పునరుద్ధరించారు, 2006లో కన్జర్వేటివ్ ప్రధాని స్టీఫెన్ హార్పర్ మళ్లీ రద్దు చేస్తే 2017లో లిబరల్ ప్రధాని జస్టిన్ ట్రూడో మళ్లీ తెచ్చారు.

నాయకులపై అసహనం సొంత ఇంటి నుంచే మొదలైంది. 1986లో సీఎఫ్-18 యుద్ధ విమానాల నిర్వహణ కాంట్రాక్టును, తక్కువ ధరకు మెరుగైన బిడ్ వేసిన విన్నిపెగ్ సంస్థను కాదని మాంట్రియల్ సంస్థకు ఇచ్చినది మల్‌రోనీ కన్జర్వేటివ్ ప్రభుత్వమే. ఆ కోపంతో మరుసటి ఏడాది ప్రెస్టన్ మానింగ్ రిఫార్మ్ పార్టీని స్థాపించారు. 1993 ఎన్నికలలో పాత కన్జర్వేటివ్ పార్టీ రెండంటే రెండు స్థానాలకు పడిపోయింది, రిఫార్మ్‌కు 52 వచ్చాయి. ఇంట్లో చీలికతో పక్కింటివాడికి పంట పండినట్టు, 2003 చివరిలో రెండు పాయలూ కలిసేదాకా లిబరల్‌ల గెలుపు సునాయాసమైంది.

కలిసిన పార్టీతో హార్పర్ 2006లో ప్రధాని అయ్యారు, 2011లో పూర్తి మెజారిటీ సాధించారు. అసలు నిరాశ మొదలైనది అక్కడే అని నా అభిప్రాయం. ఓడినవాడి అసంతృప్తికి ఎన్నికలే మందు. గెలిచి, న్యాయమూర్తులను కూడా తానే నియమించుకున్నవాడి అసంతృప్తికి మందు ఏది? 2013 డిసెంబరులో వ్యభిచార వృత్తికి సంబంధించిన నేర నిబంధనలను తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కొట్టివేశారు. వారిలో సగానికి పైగా హార్పర్ నియమించినవారే. 2014 మార్చిలో ఆయన న్యాయమూర్తిగా ఎంపిక చేసిన మార్క్ నాడోన్ నియామకాన్నే సుప్రీంకోర్టు ఆరుగురికి ఒక్కరి తేడాతో రద్దు చేసింది. మరుసటి నెలలో, సెనేటు సభ్యులకు ఎన్నికలు, కాలపరిమితి తేవాలంటే సగం జనాభా గల కనీసం ఏడు ప్రావిన్సుల సమ్మతి కావాలని, సెనేటును రద్దు చేయాలంటే పదింటి సమ్మతీ కావాలని చెప్పింది. మానింగ్ కాలం నుంచి పశ్చిమ ప్రాంతం కోరుతున్న సంస్కరణ ఆ ఒక్క రోజుతో అటకెక్కింది. 2015 ఫిబ్రవరిలో వైద్యుల సహాయంతో మరణించే హక్కును గుర్తిస్తూ, 1993 నాటి తన తీర్పును తానే తిరగరాసుకుంది. ఈ మధ్యలో ప్రధాని కార్యాలయానికీ ప్రధాన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్‌కూ బహిరంగంగానే మాటల యుద్ధం నడిచింది. ఆమెను 1989లో సుప్రీంకోర్టుకు పంపినది కన్జర్వేటివ్ ప్రధాని మల్‌రోనీయే.

కోర్టులు ఎప్పుడూ ఒకవైపే మొగ్గాయనడం మాత్రం సరికాదు. కర్బన పన్నును 2021లో ఆరు-మూడుతో సమర్థించిన సుప్రీంకోర్టే, 2023లో లిబరల్‌ల పర్యావరణ ప్రభావ అంచనా చట్టంలో అధిక భాగం కేంద్రం పరిధిని దాటిందని అల్బర్టా పక్షాన చెప్పింది. ట్రక్కు డ్రైవర్ల ఆందోళనపై 2022లో ట్రూడో అత్యవసర చట్టాన్ని ప్రయోగించడం సమంజసం కాదని 2024 జనవరిలో ఫెడరల్ కోర్టు తేల్చింది. గెలిచిన కేసులు మాత్రం మనస్తాపాల జాబితాలోకి ఎక్కవు.

దౌత్యం మీది ఫిర్యాదుకు చరిత్ర ఇంకా పాతది, దిశ మాత్రం మారుతూ వచ్చింది. 1956 సూయజ్ సంక్షోభంలో లెస్టర్ పియర్సన్ ఐక్యరాజ్య సమితి శాంతి సేనను ప్రతిపాదించి మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి పొందితే, కష్టకాలంలో మాతృదేశం బ్రిటన్‌ను వదిలేశారని కన్జర్వేటివ్‌లు నిందించారు. 1963లో అమెరికా అణ్వాయుధాలను స్వీకరించే విషయంలో తడబడి కూలినది డీఫెన్‌బేకర్ ప్రభుత్వం. 2003లో ఇరాక్ యుద్ధానికి క్రెట్యెన్ దూరంగా ఉంటే, అమెరికా పక్కన నిలబడలేదని విమర్శించినది హార్పర్. మధ్యవర్తి పాత్ర పేరుతో లిబరల్‌లు మిత్రులెవరో శత్రువులెవరో తేల్చుకోలేదన్నది ఆ విమర్శల సారం. హార్పర్ 2012లో టెహ్రాన్ రాయబార కార్యాలయాన్ని మూసివేశారు, ఐక్యరాజ్య సమితిలో పాలస్తీనాకు పరిశీలక దేశ హోదాకు వ్యతిరేకంగా ఓటు వేయించారు. ఆయన హయాంలో 2010లోనూ, ట్రూడో హయాంలో 2020లోనూ భద్రతా మండలి స్థానం కెనడాకు దక్కలేదు. కాబట్టి ఏ మార్గం ప్రతిష్ఠ తెచ్చిందన్న వాదనలో ఎవరూ ఎవరినీ ఎత్తిపొడవలేరు.

భారత్‌తో బంధం చెడడం ఈ ఫిర్యాదులో మనకు దగ్గరి అధ్యాయం. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో బాంబు పేలి 329 మంది మరణించిన కేసు దర్యాప్తులో కెనడా గూఢచారి సంస్థ తన దగ్గరున్న టేపులను చెరిపివేసింది. 2005లో ప్రధాన నిందితులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ సంఘాన్ని వేసి 2010లో బాధిత కుటుంబాలకు క్షమాపణ చెప్పినది హార్పర్. విషాదం జరిగిన నాటి ప్రధాని కూడా కన్జర్వేటివేనన్నది అంతగా ప్రస్తావనకు రాదు. 2018లో జస్టిన్ ట్రూడో భారత పర్యటనలో, పంజాబ్ మంత్రిపై హత్యాయత్నం కేసులో శిక్ష పడిన వ్యక్తికి విందు ఆహ్వానం వెళ్లడం నగుబాటైంది. 2023 సెప్టెంబరులో, కెనడాలోని ఖలిస్తానీ నేత హర్‌దీప్ సింగ్ నిజ్జర్ హత్యలో భారత ప్రభుత్వ ప్రమేయంపై నమ్మదగిన ఆరోపణలున్నాయని ట్రూడో పార్లమెంటులో ప్రకటించడం, అక్టోబరులో 41 మంది కెనడా దౌత్యవేత్తలు వెనక్కి వెళ్లడం వెంటవెంటనే జరిగాయి. బెంగళూరు, ముంబయి, చండీగఢ్ కాన్సులేట్లలో ప్రత్యక్ష సేవలు ఆగిపోయి వీసాల పని నెమ్మదించడంతో, హైదరాబాద్, విజయవాడల నుంచి చదువుకు వెళ్లదలచినవారికి ఆ దౌత్య సంక్షోభం ఇంటి సమస్యగా మారింది. ట్రూడో చేతకానితనమే ఇందుకు కారణమన్న పొలియేవ్ర్, రహస్య సమాచారం చూసేందుకు కావలసిన భద్రతా అనుమతిని తీసుకోవడానికి మాత్రం నిరాకరించారు.

2019లోనూ 2021లోనూ లిబరల్‌ల కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని తక్కువ స్థానాలతో మిగిలిన కన్జర్వేటివ్‌లు 2025 తమదే అనుకున్నారు. ట్రూడో తప్పుకోవడం, లిబరల్ ప్రధానిగా మార్క్ కార్నీ రావడం, కెనడాను 51వ రాష్ట్రం చేస్తానంటూ ట్రంప్ సుంకాలు విధించడం కలిసి లెక్క మార్చేశాయి. ఏప్రిల్ 28న పొలియేవ్ర్ తన సొంత స్థానాన్నే కోల్పోయి, ఆగస్టులో అల్బర్టా నుంచి ఉప ఎన్నికలో గెలిచి సభకు రావలసి వచ్చింది. ఆ ఎన్నికల ప్రచారంలోనే ఆయన, సామూహిక హత్యలు చేసినవారికి వరుస శిక్షలు విధించే చట్టాన్ని నిలబెట్టేందుకు కేంద్రం తరఫున తొలిసారిగా 33వ నిబంధనను వాడతానని మాట ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో అల్బర్టా ప్రభుత్వం ఉపాధ్యాయుల సమ్మెను ముగించేందుకు ఆ నిబంధననే వాడింది. అంతకు నెల ముందు, కొందరు ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో మత చిహ్నాలు ధరించరాదనే క్యుబెక్ లౌకికత్వ చట్టంపై సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసులో, 33వ నిబంధనను పదేపదే వాడి ఒక హక్కును శాశ్వతంగా చెరిపివేయరాదని కార్నీ ప్రభుత్వం వాదన దాఖలు చేసింది. దాన్ని ఉపసంహరించుకోవాలని అయిదుగురు ప్రీమియర్లు లేఖ రాశారు. కోర్టులకు హద్దు గీయడానికి వంటగదిలో రాసుకున్న నిబంధనకు హద్దు ఎక్కడో తేల్చవలసిన పని ఇప్పుడు ఆ కోర్టు ముందే ఉంది.