సెకండ్ హ్యాండ్ కాయిలోవర్లు: అపోహలు - వాస్తవాలు

వాడిన కాయిలోవర్ (షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగ్ కలిసి ఉండే, ఎత్తు మార్చుకోగల కారు సస్పెన్షన్) సెట్ పట్టుకొచ్చేవాళ్లు ముందుగా చెప్పే మాట, "ఆయిల్ లీక్ లేదండీ, సెట్ బాగుంది" అని. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

అపోహ: లీక్ లేకపోతే షాక్ బాగున్నట్టే.

వాస్తవం: అమ్మేముందు గుడ్డపెట్టి తుడిస్తే లీక్ ఎవరికి కనపడుతుంది? అసలు సంగతి రాడ్, అంటే షాక్‌లోకి వెళ్లివచ్చే కడ్డీ, చెబుతుంది. రాడ్ మీదుండే బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే రబ్బరు ముక్క) పైకి జరిపి, రాడ్ పొడవునా గోరుతో నెమ్మదిగా గీయండి. గోరు ఎక్కడైనా తగులుకుందంటే అక్కడ తుప్పు గుంటో గీతో ఉంది. రాడ్ లోపలికి వెళ్లిన ప్రతిసారీ అది ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్‌ను కోస్తుంది. ఇవాళ పొడిగా ఉన్నా తర్వాత లీక్ ఖాయం.

తర్వాత కాలర్ (స్ప్రింగ్‌ను కింద నుంచి మోసే మరల రింగు) పూర్తిగా వదులు చేయండి. స్ప్రింగ్‌లో ఒత్తిడి ఉండగా రాడ్ కొసన ఉండే పై నట్ జోలికి పోవద్దు, ప్రాణం మీదికి వస్తుంది. స్ప్రింగ్ తీశాక రాడ్‌ను చేత్తో నొక్కి వదలండి. మోనోట్యూబ్ గ్యాస్ షాక్ (ఒకే గొట్టంలో ఆయిల్, ఒత్తిడితో గ్యాస్ ఉండేది) అయితే రాడ్ తనంతట తానే బయటికి రావాలి. మధ్యలో పట్టు లేకుండా జారినా, ఎక్కడైనా పట్టేసినా లోపల పాడైనట్టే. షాక్ గట్టిదనం మార్చే నాబ్ ఉంటే, ఎడమదీ కుడిదీ ఒకే క్లిక్‌లో పెట్టి పోల్చండి. తేడా ఉంటే నేనైతే బిగించను, రీబిల్డ్ (విప్పి లోపల బాగుచేయడం) చేయించమంటాను.

అపోహ: పాత స్ప్రింగ్ మెత్తబడిపోతుంది.

వాస్తవం: గట్టిదనం తీగ మందం, చుట్ట వ్యాసం, చుట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. వాడకంతో ఎత్తు కాస్త తగ్గొచ్చు గానీ గట్టిదనం దాదాపు అలాగే ఉంటుంది. పూత లేచి తుప్పు పట్టిన చోటు కనిపిస్తే మాత్రం వద్దు, విరిగేది అక్కడే.

అపోహ: కాలర్ బిగించి ప్రీలోడ్ (కారు బరువు పడకముందే స్ప్రింగ్ నొక్కుకుని ఉండటం) పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుంది.

వాస్తవం: 8కె స్ప్రింగ్ అంటే ఒక మిల్లీమీటర్ నొక్కడానికి 8 కిలోల బరువు కావాలి. 10 మి.మీ. ప్రీలోడ్ ఇస్తే 80 కిలోలు. ఆ మూలన కారు బరువు 300 కిలోలనుకుంటే, స్ప్రింగ్ చివరికి నొక్కుకునేది ఎప్పటిలాగే 300 కిలోలకు తగ్గట్టే. కారు ఎత్తు పెరుగుతుంది, గుంటలో చక్రం కిందికి దిగే చోటు తగ్గుతుంది, అంతే.

అపోహ: ఎంత దించితే అంత గ్రిప్.

వాస్తవం: మరీ దించితే షాక్ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. ఇక సస్పెన్షన్ పనిచేయడానికి చోటెక్కడ?

అపోహ: బోల్టులన్నీ టైట్ చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: కారు జాకీ మీద ఉండగా రబ్బరు బుష్ (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు గొట్టం) బోల్టులు ఫైనల్ టైట్ చేయొద్దు. కారు దించగానే బుష్ మెలి తిరిగి, అలాగే నలిగి త్వరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. పాత నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) పారేసి కొత్తవి వేయండి. పై నట్‌కు ఇంపాక్ట్ గన్ వాడొద్దు, రాడ్ గిర్రున తిరిగి సీల్ దెబ్బతింటుంది. ఎత్తు మారితే టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగి ఉండటం) రెండూ మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ తప్పనిసరి. కొన్నాళ్లు నడిపాక కాలర్ కదలకుండా పట్టే లాక్ రింగులు వదులయ్యాయేమో చూసి, నాలుగు మూలలా ఎత్తు మళ్లీ కొలవండి.