క్రిస్మస్ కానుక: విప్పే నిమిషం, వాడే ఏడాది

పిల్లల్ని క్రిస్మస్‌కి ఏం కావాలో అడిగితే జాబితా రెడీగా ఉంటుంది. అదే మాట నలభై ఏళ్ల మనిషిని అడగండి, "నాకేం వద్దులే" అంటారు. అందులో మొహమాటం కొంత, నిజం కొంత. సొంత సంపాదన ఉన్నవాళ్లు తమకు కావలసిన సాక్సులు, హెడ్‌ఫోన్లు, పుస్తకాలు డిసెంబర్ దాకా ఆగకుండా ఎప్పటికప్పుడు కొనేసుకుంటారు. పండగ నాటికి మిగిలేవి, తాహతుకు మించినవి, లేదంటే దుకాణంలో దొరకనివి. అందుకే పెద్దవాళ్లకు ఏం కొనాలన్నది ఏటా తలనొప్పే.

ఈ తలనొప్పి మీద ఆర్థికవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. అందరికంటే ఎక్కువ గొడవ రేపినవారు ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్. ఆయన అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు: ఇచ్చినవాళ్ల మీద అభిమానం పక్కన పెడితే, క్రిస్మస్‌కి వచ్చిన ఈ వస్తువును మీరైతే ఎంత పెట్టి కొనుక్కునేవారు? జవాబులు కూడి చూస్తే, కానుకల మీద పెట్టిన ఖర్చులో పది శాతం నుంచి మూడో వంతు దాకా ఎవరికీ అక్కరకు రాకుండా పోతోందని తేలింది. 1993లో అచ్చయిన ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. స్నేహితులు, ప్రేమించినవాళ్లు ఇచ్చిన వస్తువుల్లో నష్టం తక్కువ. బాబాయిలు, అత్తయ్యలు, తాతలు, అమ్మమ్మల వరసవాళ్లు ఇచ్చిన వాటిలో ఎక్కువ. మనవల అభిరుచి తెలియని తాతలు, అమ్మమ్మలు నగదు చేతిలో పెట్టడం ఎక్కువని కూడా ఆయన గమనించారు. అది తెలివైన పనే.

కానీ ఆ ప్రశ్నలో ఒక పెద్ద మినహాయింపు ఉంది. అభిమానాన్ని పక్కన పెట్టమన్నాక కానుకలో ఇంకేం మిగులుతుంది? 1996లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే, వాల్డ్‌ఫోగెల్ లెక్క అచ్చయిన పత్రికలోనే దీనికి జవాబు రాశారు. అభిమానాన్ని కూడా లెక్కలో కలపమన్నప్పుడు జనం తమ కానుకలకు కొన్న ధర కంటే ఎక్కువే విలువ కట్టారు. అంటే వస్తువుగా చూస్తే నష్టం, కానుకగా చూస్తే లాభం. రెండూ నిజమే. అభిమానం ఎలాగూ ఉన్నప్పుడు వస్తువు కూడా పనికొచ్చేది అయితే బాగుంటుంది కదా, ఎందుకు కాదు?

దీనికి నాకు బాగా నచ్చిన వివరణ జెఫ్ గలాక్, జూలియన్ గివీ, ఎలనార్ విలియమ్స్ 2016లో ఇచ్చినది. ఇచ్చేవాళ్ల దృష్టంతా కానుక విప్పే ఆ నిమిషం మీదే ఉంటుంది. పుచ్చుకునేవాళ్లు ఆ తర్వాత ఏడాదంతా దాంతో గడపాలి. ఆ నిమిషాన్ని ఒకసారి ఊహించుకోండి. గదిలో అందరి కళ్లూ ఒకే మొహం మీద ఉంటాయి. గోటితో టేపు లేపుతుంటే ఇచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి చూస్తారు. కళ్లు పెద్దవి కావాలి, నోట "అబ్బా!" అని రావాలి. ఆ "అబ్బా" కోసం కొన్నప్పుడు పెద్దది, మెరిసేది, ఎవరూ ఊహించనిది చేతికి వస్తుంది. పుచ్చుకున్న మనిషి మనసులో మాత్రం వేరే లెక్కలు తిరుగుతుంటాయి. దీన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా శుభ్రం చేయాలి, అసలు వాడతానా?

ఈ తేడా చాలా చోట్ల బయటపడుతుంది. మంచి పేరున్నా దూరంగా ఉన్న రెస్టారెంట్ కూపన్ ఇవ్వడానికి జనం మొగ్గు చూపుతారు. అందుకునేవాళ్లకు మామూలుదైనా దగ్గర్లో ఉన్నదే మేలు. 2014లో ఎర్నెస్ట్ బాస్కిన్ బృందం చూపించింది ఇదే: ఇచ్చేవాళ్లు గొప్పతనం చూస్తారు, పుచ్చుకునేవాళ్లు వీలు చూస్తారు. ధర విషయమూ అంతే. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ నిశ్చితార్థపు ఉంగరాల గురించి అడిగినప్పుడు, ఉంగరం ఎంత ఖరీదైతే అంత సంతోషిస్తారని మగవాళ్లు అనుకున్నారు. తొడుక్కున్న ఆడవాళ్ల సంతోషానికీ ధరకూ సంబంధమే కనిపించలేదు.

ప్యాకింగ్ గురించి 2020లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఆశ్చర్యపరిచింది. నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జెసికా రిక్సమ్ బృందం కాఫీ మగ్గులను కానుకలుగా పంచింది. వాటి మీద బాస్కెట్‌బాల్ జట్ల గుర్తులు ఉన్నాయి. కొన్నిటిని మడతలు సరిగ్గా కుదిరేలా నీటుగా, కొన్నిటిని ముడతలు పడేలా ఎలా పడితే అలా చుట్టారు. గజిబిజిగా చుట్టిన ప్యాకెట్ అందుకున్నవాళ్లకే లోపలి మగ్గు ఎక్కువ నచ్చింది. నీటుగా ఉన్న కాగితం ఆశ పెంచుతుంది, లోపలి వస్తువు ఆ ఆశను అందుకోలేదు. అయితే ఇది దగ్గరివాళ్ల మధ్య మాట. ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లకు ఇచ్చేటప్పుడు నీటైన ప్యాకింగే మేలు చేస్తుంది, ఎందుకంటే అక్కడ మన గౌరవం తెలిసేది ఆ కాగితంతోనే.

మరి ఏం ఇవ్వాలి? అడిగి ఇవ్వడమే అన్నిటికంటే సులువైన దారి. అడిగితే ప్రేమ లేనట్టు కనిపిస్తుందని చాలామంది భయం. ఫ్రాంచెస్కా జీనో, ఫ్లిన్ కలిసి 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ భయం తప్పని తేలింది. తాము కోరుకున్నవాటి జాబితాలోంచి వచ్చిన కానుకనే జనం ఎక్కువ మెచ్చుకున్నారు. తన మాట విని గుర్తుపెట్టుకున్నారన్న తృప్తి, మనం సొంతంగా వెతికి తెచ్చిన సర్‌ప్రైజ్ కంటే బరువైనది.

అయితే పెద్దవాళ్లు జాబితాలో ఎప్పుడూ రాయనిది ఒకటుంది. అది ఖాళీ సమయం. ఆష్లీ విలన్స్, ఎలిజబెత్ డన్ తదితరులు 2017లో ప్రచురించిన ప్రయోగంలో కెనడాలోని వాంకూవర్‌లో ఉద్యోగాలు చేసుకునే 60 మందికి రెండు వారాంతాల్లో 40 డాలర్ల చొప్పున ఇచ్చారు. ఒక వారం ఆ డబ్బుతో వస్తువు కొనుక్కోవాలి, ఇంకో వారం ఇంటి పని ఎవరితోనైనా చేయించుకోవడంలాంటి, సమయం మిగిల్చే ఖర్చు పెట్టాలి. సమయం కొనుక్కున్న రోజునే వాళ్లు ఎక్కువ హాయిగా ఉన్నారు, టైమ్ చాలడం లేదన్న టెన్షన్ కూడా తగ్గింది. అదే పరిశోధనలో ఇంకో 98 మందిని, మీకు అనుకోకుండా 40 డాలర్లు వస్తే ఏం చేస్తారని అడిగారు. సమయం మిగిల్చే పనికి ఖర్చు పెడతామన్నది 2 శాతం మందే. డబ్బున్నవాళ్లలోనూ చాలామంది ఈ ఖర్చు పెట్టుకోరు. తన పని తను చేసుకోవాలి కదా అన్న భావం అడ్డొస్తుంది కాబోలు.

హాయినిస్తుందని తెలిసినా మనిషి తనకు తాను కొనుక్కోలేనిదే మంచి కానుక అని నా అభిప్రాయం. పసిబిడ్డ ఉన్న తల్లికి ఒక పూట నిద్ర, ముసలి తల్లిదండ్రులను కనిపెట్టుకుని ఉండే కొడుక్కి ఒక సాయంత్రం బయట తిరిగి వచ్చే వీలు, పేరుకుపోయిన ఇంటి పనిలో ఒక రోజు సాయం. ఇవేవీ క్రిస్మస్ చెట్టు కింద మెరవవు. విప్పే నిమిషంలో "అబ్బా" కూడా రాకపోవచ్చు. ఇవి కావాలని వాళ్లు నోరు విడిచి అడగరు.

వస్తువే ఇవ్వాలనుకుంటే ఇద్దరికీ సంబంధించిన జ్ఞాపకం ఉన్నది చూడండి. గివీ, గలాక్ 2017లో గమనించిన ప్రకారం ఇలాంటివి జనం ఆశగా అందుకుంటారు. ఇచ్చేవాళ్లే, నచ్చుతుందో లేదోనని జంకి, అభిరుచికి సరిపోయే ఏదో ఒక వస్తువుతో సరిపెడతారు. ఉత్తరాలదీ ఇదే తంతు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో కొందరి చేత తమకు మేలు చేసినవాళ్లకు కృతజ్ఞతగా ఉత్తరం రాయించారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారేమోనని రాసినవాళ్లు ఉన్నదానికంటే ఎక్కువ ఊహించుకున్నారు, కలిగే సంతోషాన్ని తక్కువ అంచనా వేశారు. మాటలు సరిగ్గా కుదిరాయా అన్నది రాసినవాళ్ల బెంగ. చదివినవాళ్లు చూసింది అందులోని ఆత్మీయత.

సమయం ఇచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. "ఎప్పుడైనా పిలువు, వచ్చి సాయం చేస్తాను" అని కార్డు మీద రాస్తే అది మళ్లీ దూరపు రెస్టారెంట్ కూపన్‌లాంటిదే. ఫోన్ చేసి అడగాల్సిన మొహమాటం వాళ్ల మీదే పడుతుంది, కార్డు సొరుగులో ఉండిపోతుంది. "జనవరి రెండో శనివారం పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా పిల్లలు మా దగ్గర ఉంటారు, మేమే వచ్చి తీసుకెళ్తాం" అని రాయండి. ఆ రోజు కుదరకపోతే ఇంకో తేదీ కూడా కిందే రాసి పెట్టండి.