మాత్ర మింగితే చాలదా తాతయ్యా?

చిరంజీవులు లాస్యకు, కార్తీక్‌కు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో కార్తీక్ అడిగాడు: "నాయనమ్మకి రక్తం బాగానే ఉందన్నారుగా, మరి సెలైన్‌లో ఐరన్ ఎందుకు ఎక్కించారు? మాత్ర మింగితే చాలదా?" మంచి ప్రశ్న నాన్నా.

ఇనుము రక్తానికే కాదు, గుండె కండకీ కావాలి. రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకునే కండ అది. తిన్న తిండిని శక్తిగా మార్చుకోవాలంటే దానికి ఇనుము ఉండాలి. మీ నాయనమ్మకి లాగా గుండె బలహీనపడి ఏళ్లు గడిచినవాళ్లలో దాదాపు సగంమందికి ఇనుము చాలదు. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉన్నా సరే. అందుకే డాక్టరుగారు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష విడిగా రాశారు. గుండె జబ్బువాళ్లకి ఆ అంకె 100 లోపుంటే ఇనుము తక్కువున్నట్టే.

ఇక మాత్ర సంగతి. మా చిన్నప్పుడు ఊరి పంటకాలువ తూము దగ్గర నీళ్లు వదిలే, ఆపే లస్కరు ఒకాయన ఉండేవాడు. బడి వదలగానే నేను ఆయన పక్కన చేరేవాణ్ణి. కాల్చిన తేగలు పెట్టేవాడు, షట్టరు తిప్పే చక్రం మీద చెయ్యి మాత్రం వెయ్యనిచ్చేవాడు కాదు. వరద రోజుల్లో షట్టరు దించేస్తే రైతులు కేకలేసేవారు. దించకపోతే నారుమళ్లు మునిగేవి మరి!

మన లివరు కూడా అలాంటి లస్కరునే పెట్టుకుంది. పేరు హెప్సిడిన్, లివరు తయారుచేసే ఒక హార్మోను. పేగు గోడే తూము. ఒంట్లోకి క్రిములు దూరితే వాటికీ ఇనుమే కావాలి. అందుకని లస్కరు షట్టరు దించేస్తాడు. లోపల నిల్వ ఉన్న ఇనుమునీ రక్తంలోకి వదలడు. గుండె నీరసపడ్డ ఒంట్లో క్రిములు లేకున్నా, అవి దూరినప్పటిలాంటి సన్నటి వాపు ఎప్పుడూ ఉంటుంది. పాపం, అతను దాన్నే వరద అనుకుంటాడు. దానికి తోడు పేగు గోడకి నీరు పడుతుంది. ఇక మాత్రలు ఎన్ని మింగితే ఏం? చాలావరకు తూముకి ఎగువనే నిలిచి, మలంతో నల్లగా పోతాయి. నరంలోకి ఎక్కిస్తే ఆ తూముతో పనిలేదు.

ఇది ఊహ కాదు. ఇనుము తక్కువున్న 225 మంది గుండె జబ్బువాళ్ల మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. 16 వారాలు మాత్రలు వేసుకున్నా వాళ్ల శరీరశ్రమ శక్తి చెప్పుకోదగ్గంత పెరగలేదు. అంతకుముందే, 2009లో వచ్చిన 459 మంది పరీక్షలో నరంలోకి ఎక్కించినవాళ్లు మునుపటికన్నా ఎక్కువ దూరం నడిచారు. రక్తహీనత లేనివాళ్లకీ మేలు జరిగింది.

లస్కరు మీద కోపం తెచ్చుకోకండి. ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపి మూడు నాలుగు గ్రాములు. ఎక్కువైతే బయటికి పంపే దారి ఒంటికి లేదు. అందుకే తూము దగ్గరే అంత కాపలా. ఎవరు నేర్పారర్రా లివరుకి ఈ విద్య! తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. పక్కింటివాళ్లు చెప్పారని ఐరన్ మాత్రలు ఎవరూ వేసుకోకూడదు. పరీక్ష చేయించాలి, డాక్టరు చెప్పాలి.

మిగతాది మీరే చూడండి. ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఒకటి చేస్తారు. సెలవులకి వచ్చినప్పుడు నాయనమ్మతో వీధిలో ఆరు నిమిషాలు నడవండి, తన అడుగుకి అడుగు కలిపి. ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆయాసం వస్తే వెంటనే అరుగు మీద కూర్చోబెట్టండి. ఈసారి పండక్కి వచ్చినప్పుడు మళ్లీ నడిచి చూసి, ఎంత తేడా వచ్చిందో నాకు చెప్పండి.

మీ తాతయ్య