ఫుట్‌బాల్ బాగా ఆడే యూనివర్సిటీలో చదువు బాగుండదా? అపోహలు - వాస్తవాలు

మార్చి, ఏప్రిల్ నెలల్లో అడ్మిషన్ లెటర్లు రావడం మొదలవగానే ఇంట్లో అందరూ ఆ యూనివర్సిటీ పేరు కొట్టి నెట్‌లో చూస్తారు. చాలా పేర్లకు ముందు కనిపించేది లక్షమంది పట్టే స్టేడియం, ఒకే రంగు చొక్కాలేసుకుని అరుస్తున్న జనం. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలకు సలహాలిచ్చే పనిలో ఉన్నాను కాబట్టి, ఆ ఫొటో చూశాక వచ్చే మాటలు నాకు బాగా అలవాటు. ఒక నాన్నగారు "ఇదేదో ఆటల కాలేజీలా ఉందండీ, చదువు చెప్తారా?" అంటారు. ఇంకొకరు "టీవీలో ఎప్పుడూ దీని పేరే వస్తుందని మా బావమరిది చెప్పాడండీ, పెద్ద యూనివర్సిటీయే" అంటారు. ఇద్దరూ 40, 50 లక్షల అప్పు చేసి బిడ్డను పంపబోతున్నారు. ఇద్దరూ నిర్ణయానికి వస్తున్నది స్టేడియం ఫొటో చూసే. ఈ టెన్షన్ ఎందుకు అక్కర్లేదో, ఆ ధీమా ఎందుకు కూడదో రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో ఆడే ఆట అనుకోవద్దు. హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ ఇది. ఆగస్టు చివర్లో మొదలై జనవరి దాకా సాగుతుంది. కాలేజీ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాల్లోనే.

అపోహ: ఫుట్‌బాల్‌లో పేరున్న చోట చదువు అంతంతమాత్రం.

వాస్తవం: మిషిగన్ యూనివర్సిటీని చూడండి. అమెరికాలోకెల్లా పెద్ద స్టేడియం వాళ్లదే, 1,07,601 మంది పడతారు. 2024 జనవరిలో జాతీయ చాంపియన్లు కూడా అయ్యారు. అదే మిషిగన్ ఆ దేశంలోని అత్యుత్తమ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఒకటి. ఆ మరుసటి ఏడాది గెలిచిన ఒహాయో స్టేట్ కూడా పెద్ద పరిశోధనా యూనివర్సిటీయే. పెన్ స్టేట్ స్టేడియంలోనూ లక్షమందికి పైగా పడతారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా తలవంచిన సి.ఆర్.రావు గారు 1988 నుంచి పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది ఆ పెన్ స్టేట్‌లోనే. అంతకుముందు పనిచేసిన పిట్స్‌బర్గ్ కూడా ఫుట్‌బాల్ ఆడే యూనివర్సిటీయే.

ఇది యాదృచ్ఛికం కాదు. 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు భూములిచ్చింది. వాటిని అమ్మి ఆ డబ్బుతో వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు నడపమంది. పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, పర్డ్యూ, ఇల్లినాయ్, విస్కాన్సిన్, టెక్సస్ ఏ అండ్ ఎం అన్నీ ఈ ల్యాండ్ గ్రాంట్ కుటుంబంలోవే. వేలకు వేలమంది విద్యార్థులు, రాష్ట్రమంతా నిండిన పూర్వ విద్యార్థులు, ప్రభుత్వ నిధులు అక్కడ ఒకచోట చేరాయి. ల్యాబులను నిలబెట్టిందీ, స్టేడియాలను నింపిందీ ఆ బలమే. ఈ సంగతి మనకు పరాయిదేం కాదు. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొదలైన మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నమూనా ఈ ల్యాండ్ గ్రాంట్ పద్ధతే. చేయూతనిచ్చింది కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. అక్కడా శనివారం వస్తే ఫుట్‌బాలే.

ఇంకొక కొలమానం చెబుతాను. పరిశోధనలో అగ్రశ్రేణి యూనివర్సిటీలకు ఏఏయూ అని ఒక సంఘం ఉంది, 1900లో పెట్టారు. పిలిస్తేనే చేరాలి. బిగ్ టెన్ అనే ఫుట్‌బాల్ కూటమిలో ఇప్పుడు 18 యూనివర్సిటీలుంటే, నెబ్రాస్కా తప్ప అన్నీ ఏఏయూ సభ్యులే. నెబ్రాస్కా కూడా 1909 నుంచి సభ్యురాలే. 2011లో బిగ్ టెన్‌లో అడుగుపెట్టిన ఏడాదే ఓటింగ్‌లో ఏఏయూ సభ్యత్వం పోగొట్టుకుంది. వాళ్ల మెడికల్ సెంటర్ వేరే క్యాంపస్ కావడంతో ఆ పరిశోధనను లెక్కలోకి తీసుకోలేదు, వ్యవసాయ పరిశోధనకు తక్కువ విలువ కట్టారు. ఆ ఓటింగ్‌లో ఫుట్‌బాల్ ప్రసక్తే లేదు.

అపోహ: నిజంగా గొప్ప యూనివర్సిటీలు ఆటల జోలికి పోవు.

వాస్తవం: మనవాళ్లు చదువుకు మారుపేరుగా చెప్పుకునే, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటివి ఉన్న ఐవీ లీగ్ అసలు ఒక క్రీడా కూటమి, 1954లో ఏర్పడింది. మొట్టమొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ మధ్య జరిగింది. రట్గర్స్ 6-4తో గెలిచింది. స్టాన్‌ఫర్డ్, డ్యూక్, నార్త్‌వెస్టర్న్, వాండర్‌బిల్ట్ ఇవాళ్టికీ పెద్ద కూటముల్లోనే ఆడుతున్నాయి. తేడా ఏమిటంటే ఐవీ లీగ్ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వదు.

ఆటను నిజంగా వదిలేసిన యూనివర్సిటీ షికాగో. ఆ కథ నాకు చాలా ఇష్టం. బిగ్ టెన్‌ను స్థాపించినవాళ్లలో షికాగో ఒకటి. దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ 1935లో మొదటిసారి అందుకున్న జే బర్వాంగర్ షికాగో విద్యార్థే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1939లో, అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ చదువుకు అడ్డమని ఫుట్‌బాల్‌నే ఎత్తేశారు. ఆడేవాళ్లు లేక మిగిలిపోయిన స్టాగ్ ఫీల్డ్ స్టేడియం గ్యాలరీ కింద, స్క్వాష్ లాంటి ఆట ఆడే ఒక కోర్టులో, 1942 డిసెంబర్ 2న, ఎన్రికో ఫెర్మి బృందం తనంతట తాను సాగే అణు శృంఖల చర్యను ప్రపంచంలో మొదటిసారి నడిపి చూపించింది. ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది 1969లో, అదీ స్కాలర్‌షిప్‌లు లేని చిన్న స్థాయిలో. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఎంబీఏ చేసింది ఈ షికాగోలోనే. అంతకుముందు ఎంఎస్ చేసిన విస్కాన్సిన్-మిల్వాకీ కూడా 1970ల్లోనే ఫుట్‌బాల్ ఆపేసింది.

ఐవీ లీగ్‌లోనే ఉన్న కొలంబియా యూనివర్సిటీ 1983 నుంచి 1988 మధ్య వరుసగా 44 మ్యాచ్‌లు ఓడిపోయింది. దాని డిగ్రీ విలువ ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

అపోహ: ఫుట్‌బాల్ ర్యాంకు, చదువు ర్యాంకు ఒకదాన్ని చూసి ఇంకొకటి చెప్పెయ్యొచ్చు.

వాస్తవం: రెండూ చాలావరకు మనుషుల అభిప్రాయాలే, కానీ అవి వచ్చే దారి వేరు. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ 1936లో మొదలుపెట్టిన ఏపీ పోల్‌లో క్రీడా విలేకరులు సీజన్‌లో వారం వారం ఓటేస్తారు. జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ పోటీలకు వెళ్లే 12 జట్లను 13 మంది కమిటీ కూర్చుని తేలుస్తుంది. శనివారం ఓడితే మరుసటి జాబితాలోనే కిందికి జారతారు.

చదువు ర్యాంకు అలా కదలదు. ఈ ర్యాంకులు వేసే యూఎస్ న్యూస్ అనే అమెరికా మీడియా సంస్థ ఏటా యూనివర్సిటీ అధ్యక్షులకు, ప్రొవోస్టులకు (చదువు వ్యవహారాలు చూసే పెద్ద అధికారులకు), అడ్మిషన్ల అధికారులకు ఒక ఫారం పంపుతుంది. తోటి యూనివర్సిటీల పేర్ల ఎదురుగా 1 నుంచి 5 వరకు మార్కులు వెయ్యాలి, తెలియకపోతే తెలియదని రాయాలి. జాతీయ యూనివర్సిటీల ర్యాంకులో దీని వాటా 20 శాతం. మిగతాది డిగ్రీ పూర్తి చేసేవాళ్ల శాతం, అధ్యాపకులు, ఖర్చు లాంటి లెక్కలు. ఫుట్‌బాల్ గెలుపులకు అందులో గడే లేదు. ఆ మార్కులు వేసే పెద్దమనిషి మనసులో ఆ యూనివర్సిటీ గురించి 20 ఏళ్ల కిందట ఏర్పడిన అభిప్రాయమే ఇంకా ఉండొచ్చు. పేరు నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా పోతుంది.

ఎంఎస్‌కు వెళ్లే పిల్లలు ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. పైన చెప్పింది బ్యాచిలర్స్ చదివేవాళ్ల కోసం వేసే ర్యాంకు. కంప్యూటర్ సైన్స్ పీజీకి యూఎస్ న్యూస్ విడిగా వేసే జాబితా పూర్తిగా ప్రొఫెసర్ల అభిప్రాయ సేకరణ మీదే ఆధారపడింది. మొత్తం యూనివర్సిటీ ర్యాంకు 90 దాటినా డిపార్ట్‌మెంట్ గట్టిగా ఉన్నవి ఉన్నాయి, పైన మెరుస్తూ డిపార్ట్‌మెంట్ పల్చగా ఉన్నవీ ఉన్నాయి. వీసా ఇంటర్వ్యూ కోసం ఒక అంకెను బట్టీపట్టే బదులు, ఆ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి మీరు చదవాలనుకున్న విషయం చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఈ సెమిస్టర్‌లో ఏ కోర్సులు నిజంగా నడుస్తున్నాయో చూడండి. గంట పని. ఆ గంట కేటాయించేవాళ్లు తక్కువైపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: జట్టు గెలిస్తే చదువు స్థాయి కూడా పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేవి దరఖాస్తులు. 1984 నవంబర్‌లో బోస్టన్ కాలేజీ ఆటగాడు డగ్ ఫ్లూటీ ఆఖరి క్షణంలో విసిరిన బంతితో మయామీ మీద 47-45తో గెలిచారు. ఆ తర్వాత దరఖాస్తులు పెరిగాయి కాబట్టి దీన్ని ఫ్లూటీ ప్రభావం అంటారు. అప్పటికే పెరుగుతూ ఉన్నాయని వాదించేవాళ్లూ ఉన్నారు. 2013లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం, సాదాసీదా జట్టు గొప్ప జట్టుగా మారితే దరఖాస్తులు దాదాపు 18 శాతం పెరుగుతాయని లెక్కగట్టింది.

అలబామా ఇందుకు మంచి ఉదాహరణ. కోచ్ నిక్ సేబన్ 2007 నుంచి 17 సీజన్లలో ఆరు జాతీయ టైటిళ్లు తెచ్చారు. ఆ కాలంలో విద్యార్థుల సంఖ్య 25 వేల నుంచి 38 వేలు దాటింది, సగానికి పైగా వేరే రాష్ట్రాలవాళ్లే. మంచి మార్కులున్న పిల్లలకు యూనివర్సిటీ ఉదారంగా స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది కాబట్టే వాళ్లలో చాలామంది చేరారు. ఫుట్‌బాల్ వాళ్లను గుమ్మం దాకా తెచ్చింది, లోపలికి తెచ్చింది స్కాలర్‌షిప్. ఇన్ని టైటిళ్లు గెలిచినా అలబామాకు ఏఏయూ సభ్యత్వం రాలేదు.

అపోహ: కోచ్‌కిచ్చే కోట్లన్నీ మన పిల్లల ఫీజుల్లోంచే.

వాస్తవం: పెద్ద జట్లకు ఇది వర్తించదు. చిన్న జట్లకు చాలావరకు వర్తిస్తుంది. మనవాళ్లు తలకిందులుగా అనుకునేది ఇక్కడే. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్‌ను ఒప్పందం మధ్యలో తీసేసి, 7.5 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. వింటే కడుపు మండుతుంది, నిజమే. కానీ ఆ స్థాయి జట్లకు టీవీ హక్కులు, టికెట్లు, దాతల డబ్బు ఉంటాయి. అదే యూనివర్సిటీ పరిశోధన మీద ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడుతుంది. టీవీలో కనిపించని మధ్యస్థాయి జట్లున్న చోటే విద్యార్థుల దగ్గర అథ్లెటిక్స్ ఫీజు వసూలు చేసి లోటు పూడ్చుకోవడం ఎక్కువ. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లందరికీ కలిపి మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా చెల్లించవచ్చు కాబట్టి ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ట్యూషన్ అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ఫీజుల విభజన పట్టిక తెరిచి, మ్యాండేటరీ ఫీజుల కింద అథ్లెటిక్స్ పేరుతో ఎంత ఉందో, అది పీజీ వాళ్లకూ పడుతుందో లేదో చూడండి.

అపోహ: ఆటగాళ్లు చదవకుండానే డిగ్రీలు పట్టుకుపోతారు.

వాస్తవం: అలా జరిగిన చోటు ఉంది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా ఒక డిపార్ట్‌మెంట్ క్లాసులే జరగని కోర్సులు నడిపింది. ఒక్క పేపర్ రాసిస్తే మంచి గ్రేడు. 3,100 మందికి పైగా వాటిని తీసుకున్నారు, అందులో దాదాపు సగం క్రీడాకారులు. 2015లో గుర్తింపు సంస్థ ఆ యూనివర్సిటీని ఏడాదిపాటు ప్రొబేషన్‌లో పెట్టింది. ఇంకోవైపు జాన్ ఉర్షెల్ ఉన్నాడు. పెన్ స్టేట్‌లో ఆడుతూ గణితం చదివి, ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లి, 2017లో ఆట వదిలి, ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు అక్కడే గణితం చెబుతున్నాడు. ఫ్లోరిడా స్టేట్‌లో ఆడిన మైరన్ రోల్ ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికిచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు, తర్వాత న్యూరోసర్జన్ అయ్యాడు.

అపోహ: పేరు ఒకటే కదా, ఏ క్యాంపస్ అయితేనేం.

వాస్తవం: మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అలబామా యూనివర్సిటీ అనగానే గుర్తొచ్చే ఫుట్‌బాల్ జట్టు టస్కలూసా క్యాంపస్‌ది. వైద్య పరిశోధనకు కేంద్రం నుంచి ఏటా పదుల కోట్ల డాలర్లు తెచ్చుకునేది బర్మింగ్‌హామ్‌లోని యూఏబీ. అది 2014 డిసెంబర్‌లో ఫుట్‌బాల్‌నే రద్దు చేసుకుని, 2017లో మళ్లీ మొదలుపెట్టింది. బయోటెక్, పబ్లిక్ హెల్త్ చదవాలనుకునేవాళ్లు ఫుట్‌బాల్ పేరు చూసి టస్కలూసా ఎంచుకుంటే నష్టపోతారు. టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) అనగానే గుర్తొచ్చే లాంగ్‌హార్న్స్ జట్టు ఆస్టిన్ క్యాంపస్‌ది. మన తెలుగువాళ్లు ఎక్కువగా చేరే యూటీ డాలస్‌కు ఫుట్‌బాల్ జట్టు లేదు, యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో ఆపేసింది.  ఇవన్నీ వేరు వేరు అడ్మిషన్లు, వేరు వేరు డిపార్ట్‌మెంట్లు, వేరు వేరు ఫీజులు. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం చేతికి రాగానే యూనివర్సిటీ పేరు పక్కన ఏ ఊరుందో చదవండి, ఆ ఊరి క్యాంపస్ వెబ్‌సైట్‌లోనే మీ కోర్సు పేజీ ఉందో లేదో సరిచూసుకుని, ఆ తర్వాతే డిపాజిట్ కట్టండి.