రిచర్డ్ అలెన్ తరం: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికా చర్చి చరిత్ర పాఠాలు చెబుతుంటాను. 19వ శతాబ్దపు నల్లజాతి మతనాయకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వింటాను. వాళ్లు ఏ ఊళ్లో పెరిగారో, ఏ వీధిలో నిలబడ్డారో చూస్తే ఆ మాటలు నిలవవు.

అపోహ: తెల్లవాళ్లు చర్చి కట్టించి వీళ్లకు అప్పగించారు.

వాస్తవం: రిచర్డ్ అలెన్ 1760లో బానిసగా పుట్టాడు. డెలావేర్‌లోని డోవర్ దగ్గర స్టోక్లీ స్టర్జిస్ అనే యజమాని కింద పెరిగాడు. మెథడిస్టు అనే ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ బోధకుడి ప్రసంగం విని స్టర్జిస్ మనసు మారింది. మారినా ఊరికే వదల్లేదు, 2,000 డాలర్లు కట్టి విడిపించుకోమన్నాడు. అలెన్ కట్టెలు కొట్టాడు. మొదట్లో చేతులు బొబ్బలెక్కి, వేళ్లు ముడవడమే కష్టమైందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఇటుకల పని చేశాడు, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఉప్పు బండి తోలాడు. ఆ బండి ఆగే చోట్లే అతని ప్రసంగ వేదికలు!

తర్వాత ఫిలడెల్ఫియా ఆరో వీధిలో స్థలం కొని, పాత కమ్మరికొట్టు ఒకటి లాగించి తెచ్చి చర్చిగా మార్చాడు. అదే 1794 నాటి బెతెల్ చర్చి. దాని మీద పెత్తనం తమదేనని తెల్ల మెథడిస్టు పెద్దలు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 1815లో భవనం వేలానికొస్తే అలెన్ 10,125 డాలర్లకు పాడుకున్నాడు. తమ చర్చిని తామే మళ్లీ కొనుక్కోవాల్సి రావడం ఎంత అన్యాయం! మరుసటి ఏడాది పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు బెతెల్ పక్షాన నిలిచింది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది.

అపోహ: స్వతంత్ర నల్లజాతి చర్చి శాఖ అలెన్‌తోనే మొదలు.

వాస్తవం: డెలావేర్‌లోని విల్మింగ్టన్‌లో పీటర్ స్పెన్సర్ 1813లోనే సొంత చర్చి శాఖ పెట్టాడు. 1814 నుంచి అక్కడ ఏటా జరిగే 'ఆగస్ట్ క్వార్టర్లీ' అనే చర్చి పండుగకు బానిసలు కూడా యజమానుల అనుమతి చీటీలతో వచ్చేవారు. ఆ పండుగ ఇప్పటికీ జరుగుతోంది. స్పెన్సర్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదని నా గట్టి నమ్మకం.

అపోహ: ఆడవాళ్లు వినేవాళ్లే తప్ప బోధించలేదు.

వాస్తవం: న్యూజెర్సీలోని కేప్ మేలో పుట్టిన జరీనా లీ బోధించడానికి అనుమతి అడిగితే అలెన్ మొదట కాదన్నాడు. సుమారు ఎనిమిదేళ్లకు, బెతెల్‌లో ప్రసంగిస్తున్న బోధకుడు మధ్యలో తడబడితే, ఆమె లేచి అదే బైబిల్ వాక్యం మీద మాట్లాడింది. వెలివేస్తారేమోనని భయపడుతూ కూర్చుంది. బిషప్ అలెన్ అందరి ముందూ లేచి, ఈమెకు పిలుపు ఉందని ఒప్పుకున్నాడు. ఒక్క ఏడాదిలో 2,325 మైళ్లు తిరిగి 178 ప్రసంగాలు చేశానని ఆమె లెక్క రాసిపెట్టుకుంది. అయినా ఆమెకు పాదిరీగా అభిషేకం మాత్రం జరగలేదు.

అపోహ: వాళ్ల పని ప్రార్థనల వరకే.

వాస్తవం: చార్ల్స్‌టన్‌లో పుట్టిన డేనియల్ పేన్ అక్కడ బడి నడిపాడు. నల్లవాళ్లకు చదువు చెప్పకూడదని సౌత్ కరోలినా చట్టం చేయడంతో 1835లో బడి మూసి ఉత్తరాదికి వెళ్లిపోయాడు. 1863లో ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ కాలేజీని తన చర్చి, అంటే అలెన్ స్థాపించిన చర్చి శాఖ, చేత కొనిపించి, దానికి అధ్యక్షుడయ్యాడు. 1865లో, ముప్పై ఏళ్ల తర్వాత, బిషప్‌గా చార్ల్స్‌టన్‌కు తిరిగొచ్చి అక్కడ చర్చిని మళ్లీ కూడగట్టాడు.