బుగ్గలో అంటించే ఇన్సులిన్ ఫిల్మ్: అపోహలు - వాస్తవాలు

"సూది అక్కర్లేదంట కదా సార్, నోట్లో పేపర్ పెట్టుకుంటే చాలంట?" అనంతపురంలో ఫార్మసీ పాఠాలు చెప్పుకునే నన్ను షుగర్ ఉన్న బంధువులంతా అడిగేది ఇదే. వాట్సాప్ పుణ్యం.

అపోహ: నోట్లో కరిగే ఫిల్మ్‌లు (కాగితంలాంటి పల్చని మందు పొరలు) వచ్చాయి కాబట్టి ఇన్సులిన్‌దీ వచ్చేసినట్టే.

రాలేదు. సూది మానకండి. వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ ఫిల్మ్ ఉన్నమాట నిజమే. కానీ ఆ అణువు బరువు 300 డాల్టన్లు కూడా లేదు, ఇన్సులిన్‌ది సుమారు 5,800. అంత పెద్ద అణువు పొర దాటడం కష్టం. పైగా ఆ ఫిల్మ్ కరిగాక మింగేస్తాం, మందు పేగుల్లో ఒంటికి పడుతుంది. ఇన్సులిన్‌ను మింగితే జీర్ణరసాలు ముక్కలు చేసేస్తాయి. అందుకే దాన్ని బుగ్గ లోపలి పొర గుండా పంపాలని మా తాపత్రయం.

అపోహ: గట్టిగా అంటుకుంటే మందు లోపలికి పోయినట్టే.

మా విద్యార్థులు కూడా ఇక్కడే పొరబడతారు. ఫిల్మ్ తయారీకి వాడే కైటోసాన్ అనే పదార్థానికి ధనావేశం, నోటి జిగురులోని మ్యూసిన్‌కు ఋణావేశం. కాబట్టి అంటుకుంటుంది. అయితే వాకిట్లో నిలబడ్డ చుట్టం ఇంట్లోకి వచ్చినట్టు కాదు కదా! బుగ్గ లోపల 40-50 వరుసల కణాలుంటాయి. పైవరుసల్లో కణాల మధ్య నిండిన కొవ్వు పదార్థాలు ప్రోటీన్‌ను అక్కడే ఆపేస్తాయి. దాటించడానికి పైత్యరస లవణాల్లాంటివి కలుపుతాం, మోతాదు మించితే పొరే దెబ్బతింటుంది. లాలాజలంలోకి మందు కారిపోకుండా ఫిల్మ్ వెనక నీళ్లలో కరగని ఇథైల్ సెల్యులోజ్ పూత వేస్తాం. అంటించడం సులువు, దాటించడమే కష్టం.

అపోహ: ప్రకృతి నుంచి వచ్చింది కాబట్టి హాని లేదు.

రొయ్య పెంకుల్ని ఆమ్లంలో నానబెట్టి, గాఢమైన కాస్టిక్ సోడాలో కాస్తే గానీ కైటోసాన్ రాదు. శుద్ధి సరిగా లేకపోతే రొయ్యలు పడనివాళ్లకు టెన్షనే. హిందూపురం మార్కెట్‌కు వచ్చే చింతపండు గింజల్లోనూ ఒంట్లోని జిగురు పొరకు (మ్యూకస్‌కు) అతుక్కునే బంక ఉంది, దాన్ని కంటిచుక్కల్లో వాడుతున్నారు. అలాగని ఇంట్లో గింజలు నూరుకోకండి.

అపోహ: ఫిల్మ్ అయితే ఫ్రిజ్ అక్కర్లేదు.

సగం నిజం. పొడిగా ఉన్న ప్రోటీన్ ద్రవంలోకన్నా నిలకడగా ఉంటుంది, ట్రెహలోజ్ చక్కెర కలిపితే ఇంకా మేలు. కానీ ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే ప్రోటీన్ మడతలు విప్పుకుంటాయి. ఫిల్మ్ చూడ్డానికి నున్నగానే ఉంటుంది, లోపలి మందు మాత్రం పనికిరాదు. మా ఎండలకు నీరింకి బిరుసెక్కుతుంది, వానల్లో తేమ పీల్చి ఒకదానికొకటి అతుక్కుంటుంది.

ఇప్పటికి మీ ఇంట్లో ఉన్నది ఇన్సులిన్ వయలే (చిన్న సీసా). తెరవనిదాన్ని 2-8 డిగ్రీల మధ్య ఉంచండి. ఫ్రిజ్ లేకపోతే వాడుతున్న వయల్‌ను నీళ్లు తగలకుండా కవర్లో చుట్టి, తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు.